గాలి కొట్టిన పడవలు

ఏప్రిల్ 15, మంగళవారం

వేట నిషేధం మొదలైంది. పడవలన్నీ ఒడ్డుకెక్కాయి. ఇక రెండు నెలల పాటు మా పాళెం మగాళ్ళంతా వలలు బాగుచేసుకుంటున్నామని చెప్పి సరుగుడు తోపులో పేకాడతారు. నేను ఆడను. పాళేనికి పెద్దకాపు అయినవాడు పేకాడకూడదు, గట్టిగా నవ్వకూడదు, ఎవడి గురించీ మనసులో ఉన్నది పైకి అనకూడదు. ఈ చివరిదే నాకు ప్రాణం మీదికొస్తుంది. ఐసు ఫ్యాక్టరీవాళ్ళు జనవరిలో ఇచ్చిన డైరీ ఒకటి అటక మీద పడి ఉంది. బయట అనలేనివన్నీ ఇందులో కక్కేస్తాను. మా ఇంట్లో చదువుకున్నది నా కూతురు దుర్గ ఒక్కతే. దానికి నా రాత బోధపడదు.

ఈరోజు ఆఫ్తాబ్ వచ్చాడు. ముత్తుకూరు బడేసాహెబ్ కొడుకు. బడేసాహెబ్ దగ్గర మా పాళెమంతా తాళ్ళూ వలలూ కొనేది. మోకు కొలిచేటప్పుడు మూరెడు ఎక్కువే వదిలేవాడు, పెద్దమనిషి. ఆయన కడుపున పుట్టి, చెన్నైలో ఇంజనీరింగ్ చదివి, ఈ అబ్బాయి ఇప్పుడు వాటర్ స్పోర్ట్స్ అంటూ తిరుగుతున్నాడు. తాంబూలం పళ్ళెంతో వచ్చి కూర్చున్నాడు.

"మామా, ఆదివారాలు మీ ఒడ్డున కమ్యూనిటీ ఈవెంట్ పెట్టుకుంటాం. జనాలు వచ్చి కయాకులూ బోర్డులూ నడిపి చూస్తారు. డెమో మామా. ఊరికేనే. నచ్చినోళ్ళు కొనుక్కుంటారు."

"వాళ్ళకి సముద్రం మీద ఏం పని?"

"పనేం లేదు మామా. సరదా."

సరదా అట! పని లేకుండా సముద్రం మీదికి పోయేవాణ్ణి మా వాళ్ళు పిచ్చోడంటారు. వాళ్ళ నాయన మొహం చూసి సరేనన్నాను. మా పడవల మీద చెయ్యి వెయ్యకూడదని మాత్రం గట్టిగా చెప్పాను.

ఏప్రిల్ 20, ఆదివారం

చూశాను. కళ్ళారా చూశాను. ఈ జన్మకి ఇంకేం చూడాలి.

పొద్దున్నే లారీ వచ్చింది. కొన్ని గట్టి ఫైబరు బల్లలు దించారు. మిగతావి చుట్టచుట్టిన చాపల్లా ఉన్నాయి. వాటికి పంపుతో గాలి కొట్టారు. కొడుతూ ఉంటే చాప ఉబ్బి బల్ల అయింది. దాని మీద మనిషి నిలబడి తెడ్డేసుకుంటూ పోవాలట. సాయంత్రం మళ్ళీ గాలి తీసేసి, మడతపెట్టి, సంచిలో వేసుకుని వెళ్ళిపోవడమే. సముద్రం మీదికి పోయేదాన్ని మడతపెట్టడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

కార్లే కార్లు. నెల్లూరు, కావలి, నాయుడుపేట, ఎక్కడ ఆదివారం తోచనివాడుంటే అక్కడి నుంచి. మొహాలకి తెల్లటి క్రీము దట్టించుకుని సున్నం కొట్టిన గోడల్లా దిగారు. మైకులో కసరత్తులు చేయించారు. చేతులు పైకి, చేతులు కిందికి. తర్వాత నారింజరంగు లైఫ్ జాకెట్లు తొడిగి, బెల్టులు బిగించి, మోకాలి లోతు నీళ్ళలో దించారు. మోకాలి లోతు! ఆ లోతులో మా పాళెం మేకలు నిలబడతాయి.

నగల కొట్టాయన ఒకడు బల్లెక్కి నిలబడి పడ్డాడు. జనం చప్పట్లు. లేచి మళ్ళీ పడ్డాడు. మళ్ళీ చప్పట్లు. మేం ఇన్నేళ్ళుగా పడుతున్నాం, ఒక్కడూ చప్పట్లు కొట్టిన పాపాన పోలేదు.

ఇంకొకాయన వచ్చి "మీరు కాపులంట గదా సార్, మావోళ్ళే" అని చెయ్యి కలిపాడు. మా పాళెంలో కాపంటే కులం కాదు నాయనా, తగువులు తీర్చే పెద్దరికం అని చెప్పేలోపే నా భుజం మీద చెయ్యేసి సెల్ఫీ తీసుకున్నాడు. అందులో నా మొహం ఎలా పడి ఉంటుందో నాకు తెలుసు.

దుర్గ కూడా వచ్చి చూసింది. డిగ్రీ రెండో సంవత్సరం, వేసవి సెలవులు. నోరు తెరుచుకుని చూసింది. చదువుకున్న పిల్ల, దానికైనా నవ్వొచ్చి ఉండాలి. రాలేదు.

కాపుగా నా బాధ్యత కాబట్టి వాళ్ళు లారీ ఎక్కేదాకా అక్కడే ఉన్నాను.

ఏప్రిల్ 22

రాయడానికేమీ లేదు. దుర్గ ఆఫ్తాబ్ ఇచ్చిపోయిన రంగుల కాగితం చదువుతోంది. చదివిందే చదువుతోంది.

ఏప్రిల్ 27, ఆదివారం

దుర్గ బోర్డెక్కింది.

ఆఫ్తాబ్ మైకులో "లోకల్ అమ్మాయిలు ఎవరైనా రండి" అన్నాడు. పిలవగానే ఇది చున్నీ నడుముకి బిగించి వెళ్ళిపోయింది, నా వైపు చూడనైనా చూడకుండా. గట్టి ఫైబరు బోర్డు ఇచ్చారు. ఎక్కింది, నిలబడింది. పడలేదు. ఒక్కసారి కూడా పడలేదు. ఇది రాయాల్సిన అవసరం లేదు గానీ, నిజం నిజమే. చిన్నప్పుడు కాలవలో దానికి ఈత నేర్పింది నేనే. పెద్దమనిషి అయ్యాక మానిపించాను. అందరూ మానిపిస్తారు.

మా పాళెంలో ఆడది చేపలమ్మొచ్చు, వేలం పాడొచ్చు, వల అల్లొచ్చు, మొగుణ్ణి నడివీధిలో కడిగి ఆరేయొచ్చు. పడవలో మాత్రం కాలు పెట్టకూడదు. పడవలో గంగమ్మ ఉంటుంది, ఇంకో ఆడదాన్ని ఓర్వదంటారు. ఎందుకోర్వదని నేనడగలేదు. మా నాయనా అడగలేదు.

సాయంత్రానికల్లా పోలయ్య వచ్చాడు. చిన్నకాపు. నా తర్వాత కాపు కావాలని ఏళ్ళ తరబడి పళ్ళు తోముకుని కూర్చున్నవాడు.

"కాపన్నా, నేను చెప్పకూడదనే అనుకుంటి. మీ పాప పడవెక్కిందని ఆడోళ్ళంతా ఒకటే అనుకుంటా ఉండారు. ఇంకోరింట్లో అయితే మనం ఏం చేసుందుము?"

"దురాయి ఏసుందుము."

"అదేన్నా. నేనూ అదే అంటా ఉండా."

వాడి సంతోషం చూస్తే అరికాలి మంట నెత్తికెక్కింది. దురాయంటే పాళెం కట్టుబాటు. అది పడితే ఆ ఇంటి పడవ గంగమ్మ జాతర దాకా నీళ్ళు తాకకూడదు. జాతర వినాయకచవితి పోయాక. నిషేధం ఎత్తేశాక వచ్చే మంచి వేటంతా పోయినట్టే. ఆ ఇంటివాడు మళ్ళీ పెద్దల వరసలో కూర్చోకూడదు. మా తాత, మా నాయన, నేను. కాపుతనం మా గడప దాటి ఎప్పుడూ పోలేదు. పోలయ్య ఇంటికి పోనిస్తానా?

"రేపు వేలం పాక దగ్గిర కూర్చుందాం" అన్నాను.

ఏప్రిల్ 28, సోమవారం

ఇన్నేళ్ళ కాపుతనంలో ఇంత చక్కటి తీర్పు నేను చెప్పలేదు. నా గురించి నేను చెప్పుకోకూడదు గానీ, డైరీలో చెప్పుకోకపోతే ఎక్కడ చెప్పుకుంటాను.

వచ్చే ఆదివారానికని ఆఫ్తాబ్ సరుకు కొంత మా ఇంటి వెనక పెట్టి వెళ్ళాడు. అందులోంచి గాలి కొట్టిన బల్ల ఒకటి మోయించుకొచ్చి వేలం పాక నడిమధ్య పెట్టించాను. పాళెమంతా చేరింది.

"పోలయ్యా, ఇదేంది?"

"పడవన్నా. నీళ్ళ మీద పోయేదాన్ని పడవ గాక ఏమంటారు?"

"బెండుముక్క కూడా పోతాది నీళ్ళ మీద. ఇందులో వల యాడ పెడతావు? ఇంజన్ యాడ బిగిస్తావు? దీని ముక్కు యాడుండాది, పసుపు యాడ రాస్తావు?"

నేను వంగి దాని మూత విప్పాను. బుస్సుమని గాలంతా పోయింది. అందరూ చూస్తుండగానే అది కుంగి, ముడతలు పడి, తడిగుడ్డలా నేలకి అతుక్కుపోయింది.

"పొద్దున గాలి కొట్టి సాయంత్రం మడతపెట్టేది పడవంట! ఇది పీట. ఆడోళ్ళు పీటెక్కకూడదని దురాయి ఉంటే చెప్పండి, ఇప్పుడే తప్పు ఒప్పుకుంటా."

నవ్వులే నవ్వులు. ముసలివాళ్ళు దగ్గొచ్చేదాకా నవ్వారు. పోలయ్య మొహం మాడిపోయింది. నేను మాత్రం నవ్వలేదు, కాపు నవ్వకూడదు కాబట్టి.

దుర్గ స్తంభం పక్కన నిలబడి ఉంది. అదీ నవ్వలేదు. సిగ్గుపడి ఉంటుంది.

అది ఎక్కింది గాలి బల్ల కాదు, గట్టిది. అయితే ఏం? అన్నీ ఒకటే.

ఏప్రిల్ 29

దుర్గ నాతో కూర్చుని తినలేదు. తలనొప్పి అని వాళ్ళమ్మ నాగులమ్మ చెప్పింది. ఎండలు.

మే 1

తలనొప్పి ఇంకా తగ్గలేదట.

మే 4, ఆదివారం

తీర్పు బాగా పనిచేసింది. మరీ బాగా.

పీటెక్కడానికి దురాయి లేదని తెలిసి పాళెం ఆడవాళ్ళంతా దిగారు. తెడ్డు తిరగేసి పట్టుకునేవాళ్ళు, కూర్చుని తెడ్డుతో పక్కదాన్ని కొట్టేవాళ్ళు, మైకులో వాళ్ళ పేర్లు చదవమని ఆఫ్తాబ్‌తో పోట్లాడేవాళ్ళు. పోలయ్య పెళ్ళాం విజయకుమారి చీర కుచ్చిళ్ళు ఎగదోపి గాలి బల్ల మీద చతికిలబడి, "కాపన్నా, నీ పీట మెత్తంగా ఉండాదే!" అని ఒడ్డంతా వినపడేలా అరిచింది. పోలయ్య పడవల చాటుకి వెళ్ళిపోయాడు. వాణ్ణి చూసి జాలిపడాల్సింది. పడలేదు.

నెల్లూరివాళ్ళు వీళ్ళని వీడియోలు తీశారు. వీళ్ళు నెల్లూరివాళ్ళని తీశారు. ఎవరు ఎవర్ని చూసి నవ్వుతున్నారో ఆ గంగమ్మకే తెలియాలి.

దుర్గ వాళ్ళతో చేరలేదు. తన బోర్డు తీసుకుని దూరంగా, అలలు విరిగే చోటు దాకా ఒంటరిగా వెళ్ళింది. అల వచ్చేటప్పుడు బోర్డు ముక్కు దానికి ఎదురు తిప్పింది, మోకాళ్ళు వంచింది, అల కిందనుంచి పోగానే మళ్ళీ లేచింది. అదేం పెద్ద విద్య కాదు. ఎవరైనా చేస్తారు. ఆ నగల కొట్టాయన ఇంకా మోకాలి లోతులోనే పడుతున్నాడు.

మే 7

సరుగుడు తోపులో పని ఉండి వెళ్ళాను. అక్కడి నుంచి సముద్రం కనిపిస్తుంది, అది నా తప్పు కాదు. దుర్గ రోజూ వెళుతోంది. ఆఫ్తాబ్ బోర్డు దాని దగ్గరే ఉంచాడట.

మే 12, సోమవారం

ఆఫ్తాబ్ మళ్ళీ వచ్చాడు. జూన్ ఒకటిన పెద్ద ఈవెంట్ అట. చెన్నై నుంచి కంపెనీవాళ్ళు కొత్త సరుకు డెమోకి తెస్తారట.

"ఆడపిల్లలకి పందెం కూడా పెడతా ఉండాం మామా. అలలు దాటి, అవతల నీళ్ళ మీద తేలే బోయా చుట్టి రావాల. వెనకాల రబ్బరు బోటు ఉంటాది, భయం లేదు. దుర్గ పేరిచ్చింది."

"పీటల పందెమా?" అన్నాను. ఆఫ్తాబ్ నవ్వాడు. పాపం, తండ్రి మొహమే.

మధ్యాహ్నం అన్నం తింటుంటే దుర్గ వచ్చి ఎదురుగా కూర్చుంది. తీర్పు నాటి నుంచీ నాతో ఒక్క మాట మాట్లాడలేదు, ఇప్పుడు వచ్చింది. కావాల్సింది ఏదో ఉందనుకున్నాను.

"నాయనా, పందెం నాడు నా బోర్డుకి నువ్వు పసుపు రాయాల. టెంకాయ కొట్టాల."

మా ఒడ్డున కొత్త పడవ ఏదైనా సరే, కాపు చేత్తో పసుపు రాసి టెంకాయ కొట్టందే అలలు దాటదు. ఇంతవరకు దాటలేదు.

"పీటకి పసుపు రాసేదేందిమే?"

"పీట కాదు. పడవ."

"నీకు తిక్కగానీ పట్టిందా? అది పడవంటే నువ్వు తప్పు చేసినట్టు. మనింటికి దురాయి. నిన్ను కాపాడేదానికి గదా నేను అంత తీర్పు చెప్పినా!"

"నేనడిగినానా కాపాడమని?" గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు సుళువయ్యేది. "ఊరంతా పగలబడి నవ్వతా ఉంటే నన్ను పీటెక్కిచ్చినావు. నేను ఎక్కని దాన్ని తెచ్చి గాలి తీసి చూపిచ్చినావు. నేను నిలబడింది నువ్వు చూసినావు నాయనా. తోపులో నుంచి రోజూ చూస్తా ఉండావు. ఒక్క మాటన్నావా? పీట మీద కూసున్నదాన్ననిపిచ్చుకునే దానికన్నా పడవెక్కి తప్పు చేసినాననిపిచ్చుకునేదే నాకు నయం."

"అది ఫైబరు ముక్కమే!"

"మన పడవేంది? అదీ ఫైబరే గదా. అదీ లారీలోనే వచ్చింది. ఒడ్డున దించిననాడు దాంట్లో కుక్క పొణుకోనుంటే నువ్వే తరిమినావు. నువ్వు పసుపు రాసినాకనే గదా అది పడవయింది."

కంచంలో చెయ్యి కడిగేసుకున్నాను. రాయనన్నాను.

"అయితే అలలు దాటను. నీ చెయ్యి పడందే దాటను. ఇంట్లో మాత్రం కూసోను. అందరితో పాటు నీళ్ళలోకి దిగి, ఆడే నిలబడతా" అని లేచి వెళ్ళిపోయింది.

ఆడపిల్ల చదువుకుంటే ఇంతే.

మే 13

ఆడపిల్ల చదువుకుంటే ఇంతే.

మే 18, ఆదివారం

ఈ వారం సంచుల డెమో. నీళ్ళు చొరబడని సంచి అట. ఎండకి తలకి తువ్వాలు చుట్టుకున్న అబ్బాయి ఒకడు తన సెల్‌ఫోన్ అందులో వేసి, మూతి మూడు మడతలు వేసి, బకెట్లో ముంచి, అందర్నీ లెక్కపెట్టమన్నాడు. జనం లెక్కపెట్టారు. తీసి చూస్తే ఫోను లోంచి నీళ్ళు కారుతున్నాయి. మడత సరిగా పడలేదన్నాడు. అయినా ఆ సంచులు నలుగురు కొన్నారు. నా కళ్ళముందే కొన్నారు! ఇలాంటివాళ్ళ దగ్గర నేను పరువు కోసం పాకులాడుతున్నాను.

కాదు, వీళ్ళ దగ్గర కాదు. పోలయ్య దగ్గర. అది ఇంకా హీనం.

మే 25

తోపులో పని.

మే 27, మంగళవారం

నాగులమ్మ నిలదీసింది.

"తోపులో నీకు దినామూ ఏం పనయ్యా? పుల్లలేరతా ఉండావా?"

"కాపుకి సవాలక్ష పనులుంటాయి."

"బిడ్డని చూసుకునేదానికి చెట్ల చాటెందుకు? ఒడ్డుకి పోయి చూడు." వల కుడుతూనే అంది, తలెత్తకుండా. "పెళ్ళయిన కొత్తలో నేనూ అడిగినా నిన్ను. ఒక్కసారి పడవలో కాలవ దాకా తీసుకుపొమ్మని. ఏమన్నావో తెలుసా?"

"ఏమన్నాను?"

"నవ్వినావు. నోటితో కాదని చెప్పుంటే బాగుండు."

అలాంటిదేమీ నాకు గుర్తులేదు. ఆడవాళ్ళు కల్పించుకుంటారు. కాలవ ఎంత దూరమని, అడిగితే నేను కాదంటానా.

అనే ఉంటాను.

మే 31, శనివారం

దక్షిణపు గాలి లేచింది. సముద్రం బాగాలేదు. రేపు వెళ్ళను. అది వెళుతుందో, నిలబడుతుందో, నాకేం పట్టలేదు.

జూన్ 1, ఆదివారం

మా పడవలకి ఎవడి కారైనా గుద్దుతుందేమోనని వెళ్ళాను.

ఇన్ని కార్లు మా ఒడ్డు ఎప్పుడూ చూడలేదు. చెన్నై కంపెనీవాడు టోపీ తిరగేసి పెట్టుకుని మైకులో "హలో నెల్లూర్!" అని అరిచాడు. నెల్లూరు అక్కడెక్కడ ఉంది? పాతిక కిలోమీటర్ల అవతల ఉంది. వాడు అరుస్తున్నది మా ఎండుచేపలకి. ఒక పక్క కళ్ళజోళ్ళు అమ్ముతున్నారు, ఒక పక్క కొబ్బరినీళ్ళు ప్లాస్టిక్ గ్లాసుల్లో పోసి ఏదో ఇంగ్లీషు పేరు పెట్టి అమ్ముతున్నారు. అలలు రెండు వరసలుగా విరుగుతున్నాయి. ఆ గాలికి మా వాళ్ళయితే టీ తాగి పడుకుంటారు.

ఆడపిల్లల పందెం పిలిచారు. బనీన్ల మీద నంబర్లు, చేతుల్లో తెడ్లు. ఈల వేశారు. అందరూ బోర్డుల మీద పడి తెడ్లేశారు. దుర్గ కదల్లేదు. నడుము లోతు నీళ్ళలో బోర్డు పట్టుకుని, ఒడ్డు వైపు తిరిగి నిలబడింది. నా వైపు తిరిగి నిలబడింది.

"దుర్గా, పో! పో!" అని ఆఫ్తాబ్ కేకలు. మిగతా పిల్లలు మొదటి అల దగ్గరికి వెళ్ళిపోయారు. ఇది నిలబడే ఉంది. అన్నంత పనీ చేస్తుందని నాకు తెలుసు. మొండితనం ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో కూడా తెలుసు.

నగల కొట్టాయన నా పక్కనే ఉన్నాడు. నవ్వి, "పాప భయపడినట్టుండాది" అన్నాడు.

భయమట! నా కూతురికి! ఆరు వారాలుగా మోకాలి లోతులో దొర్లుతున్న ఆ మొహం అనాల్సిన మాటేనా అది? ఒళ్ళు భగ్గుమంది. చెయ్యి చేసుకునేవాణ్ణే. అంతలో వెనకనుంచి పోలయ్య గొంతు వినపడింది.

"ఏందన్నా, పీట కదల్లేదే!"

చుట్టూ అందరూ నవ్వారు. వేలం పాక దగ్గర నవ్విన వాళ్ళే. ఆ మాట పోలయ్యది కాదు, నాది. దాని నెత్తిన ఆ మాట పెట్టింది నేనే, వీళ్ళు పెట్టలేదు. నాకు తల కొట్టేసినట్టయింది.

నాగులమ్మ చేపల గంప తెచ్చి నా కాళ్ళ దగ్గర దించింది. గుడ్డ తీస్తే అందులో టెంకాయ, పసుపు పొట్లం.

"ఏం చూస్తుండావు? ఆడ నీ బిడ్డ ఓడిపోతా ఉండాది" అంది.

కొట్టడానికి చుట్టుపక్కల రాయి లేదు. ఇసకలో రాయెక్కడిది? చెన్నైవాడి స్పీకరు కింద ఇనుప బల్ల కనిపించింది. దాని మూల మీద కొట్టాను. టెంకాయ రెండు చెక్కలయింది, నీళ్ళు వైర్ల మీద పడ్డాయి, మైకు గుర్రుమని ఆగిపోయింది. ఒడ్డు మొత్తానికి అది ఒక్కటే మంచిపని జరిగింది ఈరోజు.

పంచె తడుస్తున్నా చూసుకోకుండా దిగాను. బోర్డు ముక్కు మీద టెంకాయ నీళ్ళు పోసి, పసుపు అద్దాను. అల వచ్చి సగం కడిగేసింది. మళ్ళీ రాశాను, గట్టిగా.

"ఏందన్నా, పీటకి పసుపా?" ఒడ్డు మీద నుంచి పోలయ్య.

"కళ్ళు యాడ పెట్టుకున్నావురా? పడవది!" అని అరిచాను. మైకు లేకపోయినా అందరికీ వినపడింది.

దుర్గ నా వైపు చూసింది. ఏడుస్తుందేమోనని భయపడ్డాను, అలాంటివి నాకు చేతకావు. అది ఏడవలేదు. "పోయొస్తా నాయనా" అంది, వేటకి పోయే మగాడు అన్నట్టే. పోయిరా అన్నాను. ఎక్కి వెళ్ళిపోయింది.

మొదటి వరస దాటింది. రెండో వరసలో పెద్ద అల లేచింది. బోర్డు ముక్కు నిలువుగా పైకి లేవడం చూశాను. తర్వాత అల విరిగి తెల్లగా పరుచుకుంది, అవతల ఏమీ కనిపించలేదు. భయపడ్డాను. ఇది ఎవరికీ చెప్పేది కాదు కాబట్టి రాస్తున్నాను, చాలా భయపడ్డాను. ఇన్నేళ్ళూ నేను అలలు దాటిన ప్రతిసారీ నాగులమ్మ ఈ ఒడ్డున ఇలాగే నిలబడి ఉంటుందని ఒక్కనాడూ ఆలోచించలేదు.

అల అవతల నిలబడి తెడ్డేస్తూ కనిపించింది.

గెలవలేదు. అంతా వెళ్ళాక బయల్దేరింది, ఎలా గెలుస్తుంది? చివర్నుంచి రెండోది. అలలో పడ్డ చెన్నై పిల్ల ఒకతి రబ్బరు బోటులో రాబట్టి ఆ రెండో స్థానమైనా దక్కింది. గెలిచినవాళ్ళకి పతకాలు ఇచ్చారు, మిగతావాళ్ళకి బనీను ఇచ్చారు. బనీను మీద కంపెనీ పేరు తప్ప ఏమీ లేదు. దుర్గ అది వేసుకునే అన్నానికి వచ్చింది, నా పక్కన కూర్చుంది. చేప ముల్లు తీసి పెట్టబోతే "నాకు రాదా?" అంది.

జూన్ 3, మంగళవారం

వేలం పాక దగ్గర కూర్చున్నారు. నేను కూర్చోలేదు. కాపు కూర్చునే చోట పోలయ్య కూర్చున్నాడు. వాడికి కూర్చోవడం కూడా సరిగా రాదు, చెప్పులు చూసుకుంటూ ఒక పక్కకి ఒరిగిపోయాడు. దానికోసమే ఇన్నేళ్ళు ఎదురుచూశాడు వెధవ.

నేనూ దుర్గా తప్పు చేసినవాళ్ళు నిలబడే చోట నిలబడ్డాం. మా పాళెంలో ఆడపిల్లని అక్కడ నిలబెట్టరు, తండ్రి నిలబడితే చాలు. తనే వచ్చి నిలబడింది.

"రమణయ్యా" అన్నాడు పోలయ్య. కాపన్నా అనే పిలుపు పోయింది, రెండు రోజుల్లోనే. "ఏప్రిల్‌లో పీటన్నావు. మొన్న పడవన్నావు. ఏదో ఒకటి చెప్పు. పీటనే చెప్పు, లేచి పోదాం. మాకేం పట్టింపు లేదు."

ముసలివాళ్ళు కొందరు ఆశగా చూశారు. పీటనే చెప్పు, రమణయ్యా. మా పడవ ఒడ్డున ఎండుతుంటే వాళ్ళకీ బాగుండదు. ఇంట్లో జాతర దాకా ఎలా గడవాలో నాకూ తెలియదు. నాతో వచ్చేవాళ్ళు వేరే పడవలు చూసుకుంటారు. ఒక్క మాట. ఆ ఒక్క మాట నేను ఇంతకుముందు ఇక్కడే, ఎంత సులువుగా అన్నానో.

"ఆనాడు నేను చెప్పింది తప్పుడు తీర్పు" అన్నాను. "పాప ఎక్కని దాన్ని తెచ్చి మీకు చూపిచ్చినా. పాప ఎక్కింది పడవ."

"నువ్వేమంటావుమే?" అని దుర్గని అడిగాడు.

"పడవే" అంది. "నేనే నడిపినా. అలలు దాటిచ్చినా."

విజయకుమారి ఆడవాళ్ళ వైపు నుంచి ఏదో అనబోయింది. పోలయ్య చూసిన చూపుకి ఆగింది. ఆగినా, కొంగు నోట్లో పెట్టుకుని మా వైపే చూస్తోంది. నవ్వుతున్నట్టు లేదు.

పోలయ్య దురాయి వేశాడు. పడవ జాతర దాకా ఒడ్డునే. పెద్దల వరసలోంచి పేరు కొట్టివేత. తీర్పు చెప్పేటప్పుడు తప్పు చేసినవాడు తల దించుకోవాలి, అది మా రివాజు. ఎంతమంది చేత దించించానో లెక్కలేదు.

"తల దించు, రమణయ్యా."

దించలేదు. దించాలని ఒకపక్క అనుకుంటూనే ఉన్నాను, నా మెడ ఒప్పుకోలేదు. ఓరకంట చూస్తే పక్కన దుర్గ కూడా దించలేదు.

"తల దించనిదానికి వేరే తప్పు పడతాది" అన్నాడు పోలయ్య. "జాతరయినాక ఇంకో నెల."

వేసుకోనీ. వాడు కిందెక్కడో కూర్చుని ఉన్నాడు, మేమేమో నిలబడి ఉన్నాం. ఆ మాట చెప్పడానికి కూడా కాపుగారు మెడ వెనక్కి వాల్చి, ఎండకి కళ్ళు చికిలించి, పైకి మా ఇద్దరి మొహాలూ చూడాల్సి వచ్చింది.